కుడి నుంచి ఎడమకి

ఎలక్ట్రిక్ గిటారు గురించి రాస్తానంటే మావారు పేపరు దించి నాకేసి ఒకసారి చూసి, మళ్ళీ పేపరెత్తుకున్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ చూపులన్నిటికీ నాకు తాత్పర్యం తెలుసు. "బి.ఏ.లో తెలుగూ, చరిత్రా వెలగబెట్టినదానివి, నీకెందుకు కరెంటు సంగతులు?" అని దాని భావం. నిజమే మరి. నా నవలల్లో కథానాయకులు వీణ వాయించారు, వేణువు వాయించారు, ఒకడైతే పాపం మౌతార్గాన్ కూడా వాయించాడు గానీ, ఎలక్ట్రిక్ గిటారు జోలికి ఎవడూ పోలేదు. అయినా ఈ మూడు నెలల్లో నేను తెలుసుకున్నది మీకు చెప్పకుండా ఉండలేను. వంటింట్లో పోపు పెట్టగలిగిన ప్రతివాళ్ళకీ అర్థమయ్యే విషయమే సుమండీ, భయపడకండి.

మామూలు గిటారుకి పొట్ట డొల్లగా ఉంటుంది. తీగ మీటితే ఆ డొల్లలోంచి శబ్దం పలుకుతుంది. ఎలక్ట్రిక్ గిటారు చాలావరకు గట్టి చెక్క. కరెంటు లేకుండా మీటితే దోమ పాడినట్టుంటుంది. దాని తీగల కింద చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ వేలకొద్దీ చుట్లు చుట్టి ఉంటాయి. పికప్పులంటారు వాటిని. తీగ ఊగితే వాటిలో పిసరంత కరెంటు పుడుతుంది. ఆ పిసరంతా వైరుగుండా వెళ్ళి ఆంప్లిఫయర్లో పెద్దదై స్పీకర్లోంచి బయటికొస్తుంది. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య దారిలో పెట్టేవే ఈ పెడల్సు. ఒక్కొక్కటీ సబ్బుపెట్టె కన్నా కొంచెం పెద్దగా, ఇనప్పెట్టెలా బరువుగా ఉంటుంది. మీద రెండో మూడో నాబులు, కాలితో నొక్కే మీట. రెండు చేతులూ గిటారు మీదుంటాయి కనక కాలికి పని చెప్పారన్నమాట. మన కుట్టుమిషనుకి లేదూ, అలాగే.

ఇవి పుట్టిన వైనం వింటే నాకు భలే ముచ్చటేసింది. అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్ళో మార్టీ రాబిన్స్ అనే గాయకుడు 'డోంట్ వర్రీ' అనే పాట రికార్డు చేస్తున్నారట. అది 1961లో బయటికొచ్చింది. గ్రేడీ మార్టిన్ అనే ఆయన బేస్ గిటారు వాయిస్తూంటే మిక్సింగ్ యంత్రంలో ఏదో భాగం పాడైపోయి, శబ్దం కందిరీగల తుట్టె కదిలినట్టు రొదగా వచ్చింది. ఇంకోచోటైతే పారేసి మళ్ళీ వాయించమనేవారే. వాళ్ళు మాత్రం అలాగే ఉంచేశారు. గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు ఆ చెడిపోయిన శబ్దాన్ని కావాలని పుట్టించే సర్క్యూటు తయారుచేశాడు. దాన్ని గిబ్సన్ కంపెనీ 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అని డబ్బాలో పెట్టి అమ్మింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ళు ఒక పాటలో వాడేసరికి ప్రపంచమంతా దానికోసం ఎగబడింది. మాడిన అట్టుకి ఊరంతా బారులు తీరినట్టు!

ఇక అసలు సంగతికొస్తాను.

మా అన్నయ్య సికిందరాబాదులో బ్యాంకు ఉద్యోగి. సోమవారం నుంచి శనివారం దాకా లెడ్జర్లూ, లోన్లూ. ఆదివారం వచ్చిందంటే లుంగీ ఎగ్గట్టి, గిటారు మెళ్ళో వేసుకుని ముందుగదిలో నిలబడేవాడు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కరెంటు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించలేదా, నేను గిటారు మీద పాత హిందీ పాటలు పలికిస్తే తప్పేవిటని వాదించేవాడు. గొప్ప విద్వాంసుడని చెప్పను, చెబితే వాడే నవ్వుతాడు. కాని వాడు వాయించేది వాడిదే. గుమ్మంలో చెప్పులు విప్పుతూంటేనే తెలిసిపోయేది, లోపల వాడే వాయిస్తున్నాడని.

రెండేళ్ళ కిందట, యాభై రెండు నిండకుండానే, ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయాడు. వచ్చినవాళ్ళకి చోటు కావాలని ఎవరో ముందుగదిలో ఉన్నవన్నీ ఊడబీకి ఒక అట్టపెట్టెలో పడేశారు. ఆ పెట్టె అటక మీదికెక్కింది.

మొన్న వేసవిలో మా మేనకోడలు, ఇంటర్ పరీక్షలైపోయాక, అటకెక్కి ఆ పెట్టె దింపింది. ఆరు పెడల్సు, చిక్కుముళ్ళు పడ్డ వైర్లు. నల్లటిది వా పెడలు, ఆకుపచ్చది ఓవర్‌డ్రైవు, నారింజరంగుది ఫేజరు, ఆకాశనీలం రంగుది కోరస్, తెల్లది డిలే, ఎర్రది రివెర్బ్. దాని దగ్గర తండ్రి వాయించినది ఒకే ఒక్కటుంది. ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఫోనులో పట్టిన నలభై ఏడు సెకండ్ల ముక్క. దాన్ని ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఇప్పుడు అదే గిటారు, అవే డబ్బాలు, అదే ఆంప్లిఫయరు. కాని ఏది ముందు, ఏది వెనక? పిల్ల ఎం.పి.సి. చదివింది కనక వెంటనే లెక్కకట్టేసింది. ఆరింటిని వరసగా పెట్టడానికి 720 విధాలున్నాయత్తా అంది. నాకు గుండె జారిపోయింది.

ఇంతలో మా వదిన ఒక మాట అంది. "దుమ్ముపట్టించడం దేనికి? బేగంపేట నుంచి ఎవరో అబ్బాయి అన్నీ కలిపి కొంటానంటున్నాడు. దీని కాలేజీ ఫీజుకేనా పనికొస్తాయి" అని. ఆమె మాటలో తప్పేవీ లేదు. ఫామిలీ పెన్షనుతో సంసారం ఈదుతున్న మనిషి. పిల్ల ఏడవలేదు, అరవలేదు. "నాన్న సౌండు ఒక్కసారి వచ్చాక అమ్మేయ్. అప్పటిదాకా వద్దు" అంది. దసరా దాకా గడువు. అదీ ఒప్పందం. శనివారం శనివారం నేను మల్కాజిగిరి వెళ్ళి పిల్లకి తోడుండటం, అదీ ఏర్పాటు.

గిటారు నేర్పే మాస్టారొకాయన మాకు మొదటి పాఠం చెప్పారు. పెడల్‌కి వైరు దూర్చే కన్నం లోపలికి కుడివైపున, బయటికి ఎడమవైపున ఉంటుందట. కొన్నిటికి పైన ఉన్నా వరస మాత్రం అదే. అంటే గిటారు నుంచి వచ్చే శబ్దం మన కుడిచేతివైపు మొదలుపెట్టి ఎడమచేతివైపుకి నడుస్తుంది. కుడివైపు చిట్టచివరిది మొదటిది, ఎడమవైపు చిట్టచివరిది ఆఖరిది. "ఉర్దూ అన్నమాట" అన్నాను నేను. మా తాతగారు కచ్చేరీ కాయితాలు అలాగే చదివేవారు, కుడి నుంచి ఎడమకి. అన్నయ్యా నేనూ ఆయన వెనక నిలబడి నవ్వుకునేవాళ్ళం.

రెండోది, వరస. ముందు వా, తర్వాత ఓవర్‌డ్రైవు, తర్వాత ఫేజరూ కోరసూ, ఆ తర్వాత డిలే, అన్నిటికీ చివర రివెర్బ్. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరికీ ఇదే చెబుతారట. ఎందుకలా అని అడిగితే మాస్టారు బోర్డు మీద కెరటాలు గీశారు. నాకు అర్థమైనట్టు నేను చెబుతాను.

ఓవర్‌డ్రైవు చేసే పనేమిటంటే, శబ్దపు కెరటం ఎత్తుగా లేస్తే దాని నెత్తి కోసేయడం. అలా కోసినప్పుడు అసలు స్వరంలో లేని కొత్త స్వరాంశాలు బోలెడు పుట్టుకొస్తాయి. అదే ఆ గరగర, ఆ వేడి. డిలే అంటే ప్రతిధ్వని. మీటిన స్వరాన్ని కాస్సేపాగి మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. రివెర్బ్ అంటే గది. గుడి మంటపంలో గొంతు విప్పితే చుట్టూ అలుముకుంటుందే, అది. ఇప్పుడు ప్రతిధ్వని ముందు పెట్టి, ఓవర్‌డ్రైవు వెనక పెట్టామనుకోండి. మొదటి స్వరపు ప్రతిధ్వని, దానిమీద రెండో స్వరం, రెండింటినీ కలిపి నెత్తి కోసేస్తుంది. ఏది ఏదో తెలియకుండా ముద్దయిపోతుంది. వాకిట్లో మనం కళ్ళాపి చల్లి ముగ్గు పెడతాం. ముగ్గు పెట్టి దానిమీద కళ్ళాపి చల్లితే? నీళ్ళూ అవే, ముగ్గుపిండీ అదే, చెయ్యీ అదే. మిగిలేది తెల్లటి బురద. నేనిలా చెబితే మాస్టారు రెండు నిమిషాలు ఊరుకుని, "ఇది నేను నా శిష్యులకి చెప్పుకోవచ్చా అమ్మా" అన్నారు. ధారాళంగా చెప్పుకోమన్నాను.

వా అనేది కాలితో ముందుకీ వెనక్కీ ఊపే పెడలు. చంటిపిల్ల నోరు తెరిచి మూసినట్టు "వా" అంటుంది. 1960ల్లో ట్రంపెట్టు మూతికి గిన్నె అడ్డంపెట్టి తీసినప్పుడు వచ్చే ధ్వనిని అనుకరిద్దామని చేశారట. అది ఓవర్‌డ్రైవుకి ముందుంటే మాట మృదువుగా ఉంటుంది, వెనకుంటే కొరికినట్టుంటుంది. కోరస్ ఒక స్వరాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి పాడినట్టు చేస్తుంది. భజన గోష్ఠిలో ఎవరూ సరిగ్గా ఒకే శ్రుతిలో ఉండరు చూడండి, ఆ చిన్న తేడాలోనే నిండుదనం. ఫేజరు శబ్దంలో ఒక సుడి తిప్పుతుంది. డిలే ముందా రివెర్బ్ ముందా అన్నదాని గురించి పిల్లా మాస్టారూ గంటసేపు వాదించుకున్నారు. నాకు మాత్రం రెండూ ఒకలాగే వినిపించాయి.

మీ ఇంట్లోనూ ఈ పిచ్చి ఉన్న పిల్లలుంటే, తల్లులకి పనికొచ్చే నాలుగు ముక్కలు. వైర్లు మార్చేముందు ఆంప్లిఫయరు వాల్యూము సున్నాకి తేవాలి. లేకపోతే ఠపీమని వచ్చే చప్పుడుకి పక్కవాటా వాళ్ళు పోట్లాటకి వస్తారు, స్పీకరుకీ మంచిది కాదు. బ్యాటరీతో నడిచే పెడల్‌కి కుడివైపు వైరు దూర్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, మీట నొక్కినా నొక్కకపోయినా. రాత్రి పడుకోబోయేముందు గ్యాసు కట్టినట్టు ఆ వైరు ఊడదీయించండి. అడాప్టర్లు చాలావాటికి 9 వోల్టులు, పిన్ను నడిమధ్య మైనస్ ఉండాలి. డబ్బా మీద చిన్న బొమ్మ ఉంటుంది, చూసి మరీ పెట్టాలి. ఓవర్‌డ్రైవు లాంటివి పది మిల్లీఆంపియర్లు కూడా తాగవు. డిలే, రివెర్బ్ లాంటి డిజిటల్ డబ్బాలు యాభై, వంద తాగుతాయి. అన్నిటికీ ఒకే అడాప్టరు నుంచి కొమ్మలు తీసిస్తే ఝుమ్మని రొద వస్తుంది. మాకూ వచ్చింది. రివెర్బ్‌కి వేరే అడాప్టరు పెట్టేసరికి సద్దుమణిగింది. ఇంకోటి, ఆరూ ఒక్కసారి కొనమని ఎవరేనా అంటే వినకండి. ఒక ఓవర్‌డ్రైవూ, ఒక డిలే, శ్రుతి చూసుకునే ట్యూనరూ ఉంటే ఏడాది గడుస్తుంది. కోరస్ అనేది నన్నడిగితే పండక్కి పెట్టుకునే నగ లాంటిది.

సరే. మాస్టారు చెప్పిన వరసలో పెట్టాం. పిల్ల వాయించింది. ఎంత బావుందో చెప్పలేను. ప్రతి స్వరం స్ఫటికంలా వినబడుతోంది. నేను చప్పట్లు కొట్టబోతూ పిల్ల మొహం చూసి ఆగిపోయాను. అది ఫోను తీసి ఆ నలభై ఏడు సెకండ్లు వినిపించింది. రెండూ ఒకటి కాదు. దీనిలో సుడి పైపైన తిరుగుతోంది, సోడాబుడ్డి కొట్టినట్టు. వాడి దాంట్లో సుడి లోపలెక్కడో, గొంతులోంచి వచ్చినట్టుంది. ఫోనులో పట్టిన ముక్క కదా అలాగే ఉంటుందేమో అన్నాను. "కాదత్తా. ఇది కూడా ఫోనులో పట్టి చూశా" అంది.

అప్పట్నుంచి మొదలైంది తపస్సు. పిల్లకి ఒక పద్ధతుంది, అది నాకు నచ్చింది. ఒకసారికి ఒకదాన్నే కదపడం. నాబులు ముట్టుకోకూడదు. అదే నాలుగు స్వరాల ముక్క వాయించడం, నోటుపుస్తకంలో రాయడం. రెండు మార్చేస్తే ఏది ఏం చేసిందో తెలియదు కదా. డిలే ముందుకి తెచ్చింది, కాదు. వా వెనక్కి పంపింది, కాదు. కోరస్ తీసేసింది. ఆగస్టు వెళ్ళిపోయింది, వినాయక చవితి వెళ్ళిపోయింది. బేగంపేట అబ్బాయి రెండుసార్లు ఫోన్ చేశాడు. పిల్ల మొహం చిన్నబోతూ వచ్చింది. ఒక శనివారం నేను వెళ్ళేసరికి పెడల్సన్నీ మళ్ళీ అట్టపెట్టెలో ఉన్నాయి. "ఇవ్వాళ కూడా చూద్దాంలే" అని నేనే తీసి నేలమీద పరిచాను. నల్లది, ఆకుపచ్చది, నారింజ, నీలం, మాస్టారు చెప్పిన వరసలోనే.

మా వదిన అప్పుడే పెరుగుగిన్నె పట్టుకుని ముందుగదిలోంచి వెళుతోంది. ఇన్ని వారాల్లో ఒక్కసారి కూడా అటు చూడలేదు ఆమె. ఆ వాయిద్యం మొదలైతే వంటింట్లో కుళాయి విప్పేసేది. ఆ రోజు ఎందుకో నడుస్తూ నడుస్తూ ఆగి, చూపు నేలమీదే పెట్టి, "నారింజది అక్కడ కాదు" అంది.

ఇద్దరం తలెత్తాం.

"ఇటు పక్కకుండాలి. గోడవైపు. ఆకుపచ్చదానికి కుడిపక్కన. నల్లదీ నారింజా జంటగా ఉండేవి. నీలంది అసలు వరసలో ఉండేదే కాదు, కుర్చీ కింద పడుండేది."

"నీకెలా తెలుసమ్మా?" అంది పిల్ల.

"ఇరవయ్యేళ్ళు ఊడ్చానే ఈ గది! తీగలు కదిపితే మీ నాన్న ఊరుకునేవారా? ఒక్కొక్కటీ ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. అంగుళం జరిగినా పట్టేసేవారు." పెరుగుగిన్నె కిటికీలో పెట్టి, కిందికి వంగి, చీరకుచ్చిళ్ళు పక్కకి నెట్టుకుని, తనే ఆ నారింజడబ్బా ఎత్తి పెట్టింది. నల్లది, నారింజ, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. పెట్టాక తెల్లదాన్ని కాస్త వంకరగా తిప్పింది. "ఇది ఏటవాలుగా ఉండేది. ఎందుకో నాకు తెలీదు."

పిల్ల వైర్లు కలిపింది. చేతులు వణుకుతున్నాయి, నేను చూశాను. వాల్యూము సున్నా చేయడం మాత్రం మరిచిపోలేదు.

మొదటి స్వరానికే తెలిసిపోయింది. గుమ్మంలో చెప్పులు విప్పుతున్నట్టు అనిపించింది నాకు.

ఫేజరు ఓవర్‌డ్రైవుకి ముందుండటం పుస్తకంలో రాసిన వరస కాదు. సుడి ముందే తిరిగి, ఆ తిరిగినదంతా ఓవర్‌డ్రైవులో పడి చిక్కబడుతుంది. అందుకే పైపైన కాక లోపల్నుంచి వచ్చినట్టుంటుంది. ఎడ్డీ వాన్ హేలెన్ అనే ఆయన 1978లో వచ్చిన తన మొదటి ఆల్బంలో వాయించింది ఇలాగేనట. నారింజరంగు ఫేజరు ముందు, గరగరలాడే ఆంప్లిఫయరు వెనక. మాస్టారు తర్వాత చెప్పారు. మా అన్నయ్య అది విని పెట్టుకున్నాడో, పొరపాటున అలా తగిలించి బావుందని వదిలేశాడో ఇక అడగడానికి లేదు.

మా వదిన కుళాయి విప్పలేదు. గోడకానుకుని నిలబడి మొత్తం విని, "ఎర్రది కొంచెం తగ్గించు. మీ నాన్న అంత పెట్టేవారు కాదు" అంది. పిల్ల వంగి నాబు తగ్గించింది. "ఇంకొంచెం." ఇంకొంచెం తగ్గించింది. "ఆఁ" అంది వదిన. కొంగుతో మొహం తుడుచుకుని పెరుగుగిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

సాయంత్రం ఆ అబ్బాయి మళ్ళీ ఫోన్ చేశాడు. నేను ఎత్తి వదినకేసి చూశాను. ఒప్పందం ప్రకారమైతే ఇప్పుడు అమ్మాలి. పిల్ల కూడా ఆ సంగతి ఎత్తలేదు, మాటంటే మాటే దానికి, తండ్రి పోలిక. వదిన అన్నం వారుస్తూ, తల తిప్పకుండా, "అమ్ముడుపోయాయని చెప్పు" అంది.

ఫీజు సంగతి మావారూ నేనూ చూసుకుంటామంటే వదిన సగానికే ఒప్పుకుంది. అదీ అప్పుగా. మిగతా సగానికి దసరా జాకెట్లు కుడుతోంది.

మొన్న శనివారం వెళ్ళేసరికి ముందుగదిలో పాత బీరువా తాలూకు చెక్క అర ఒకటి నేలమీదుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. మిషను ముందు కూర్చుని మా వదిన వెల్క్రో టేపు కత్తిరిస్తోంది. మెత్తటి పట్టీ చెక్కకి, గరుకు పట్టీ డబ్బాల అడుక్కీనట. అయిదూ దానికే అతికించేస్తే ఊడ్చేటప్పుడు ఒక్కసారే ఎత్తచ్చు కదా అంది. తెల్లది ఏటవాలుగా అతికించాలా తిన్నగానా అని తల్లీకూతుళ్ళు వాదించుకుంటున్నారు. నన్నేమో ఇంకో మీటరు టేపు తెమ్మని బజారుకి పంపారు.